రెండు మానికలు

“మీ పేపరు లెక్క ఏ డేటాబేసులో చూశారో అడిగారా?”

గడప బయటే నిలబడి అడిగాడు ఆ కొత్త మనిషి. ఎక్కడి నుంచో బస్సు దిగి, ములకలపల్లిలో ఇల్లు వాకబు చేసుకుంటూ వచ్చాడు. పేరు చెప్పలేదు.

రూప్‌సింగ్‌కు ఒళ్లు మండింది. కొత్త అటవీ పరిశోధన కేంద్రానికి డైరెక్టర్ అవుతానని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ పోస్టు మొన్ననే చేజారింది. ఇప్పచెట్టు మీద తను రాసిన పరిశోధన పేపరును తమ పేపర్లలో ఉదహరించినవాళ్లు తక్కువట. ఎన్నడూ మొహం చూడని రాంబాబు అనే ఆయన పేపరును ఉదహరించినవాళ్లు ఎక్కువట, అందుకే పోస్టు ఆయనకిచ్చారట.

వచ్చినాయన నిదానంగా విప్పి చెప్పాడు. ఇలా ఉదహరించినవాళ్లను లెక్కపెట్టే డేటాబేసుల్లో ఒకటి విదేశీ పత్రికలనే లెక్కలోకి తీసుకుంటుంది. ఇంకొకటి మన పత్రికలను, థీసిస్‌లను కూడా ఏరుకొస్తుంది. రూప్‌సింగ్‌ను ఎంపిక కమిటీ మొదటిదాంట్లో చూసింది, రాంబాబును రెండోదాంట్లో. ఇద్దరినీ ఒకేదాంట్లో చూస్తే, ఏది పట్టుకున్నా రూప్‌సింగే ముందుంటాడు.

చాయ్ తెచ్చిన రూప్‌సింగ్ భార్య హేమ్లి ఆగి వింది.

“సంతల షావుకారు లెక్కనే ఉన్నది గదా. మన ఇప్పపువ్వు కొనేటప్పుడు పెద్ద మానిక, మనకు ఉప్పు అమ్మేటప్పుడు చిన్న మానిక.”

“నువ్వూకో. కమిటీల లెక్క జూసింది సారయ్య సారు. ఆయనింట్ల అన్నం దిని చదువుకున్న నేను.”

కొత్త మనిషి చాయ్ ముట్టకుండానే కదలబోయాడు.

“మళ్లీ లెక్క చూడమని పైకి అర్జీ పెట్టుకోండి. నేనొచ్చినట్టు మీ సారుకు మాత్రం చెప్పకండి.”

“ఆ రాంబాబు మీద నీకేం కడుపుమంటనో. నన్ను ఎగదోసి తమాషా జూస్తవా? నడువ్.”

ఆయన రోడ్డెక్కాడు.

రూప్‌సింగ్‌కు మనసాగలేదు. వెంటనే సారయ్య సారుకు ఫోన్ చేసి, మీ మీద గిట్ల చాడీలు మోసేటోళ్లున్నరు, పైలం అని హెచ్చరించాడు. మనిషి ఎట్లుంటాడని సారు అడిగాడు. బట్టతల, మాటలో కాస్త నత్తి, పొడుగు చేతులు... పోలికలన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఆ తర్వాత వినబడ్డ గొంతు, తనకు అన్నం పెట్టిన సారు గొంతులా లేదు.

“మంచిగ జెప్పినవ్‌రా. నీకు రాకుండ జేసి నేను కుర్చీల కూసోబెట్టిన రాంబాబు వాడే, ఇగ వాన్ని గూడ ఆ కుర్చీలకెల్లి లేపుత.”