రాజవ్వ చెప్పిన రంగులు

“ఆ కెమెరాల మన నమూనాలు ఎత్కపోయి మిల్లోళ్లకు అమ్ముకుంటడేమోరా,” అంది రాజవ్వ.

వచ్చే మనిషి ఇంకా కొత్తవాడ మలుపు కూడా తిరగలేదు.

కొడుకు యాకయ్య జంపఖానా నేస్తూనే నవ్వాడు. వచ్చేది చేనేత సంఘం పిలిపించిన మనిషేనని, పేరు కైలాసమని, హైదరాబాదులో ఫోటోలు తీస్తాడని మళ్లీ చెప్పాడు. ఆయన తీసిన స్లైడ్లను ఢిల్లీలో తెర మీద వేస్తారు. బొమ్మ పడగానే పక్కన టేపులో దాని సంగతి వినిపిస్తుంది. అక్కడి పెద్ద దుకాణాలవాళ్లకు నచ్చితే ఏడాది పొడుగునా పని.

నచ్చకపోతే యాకయ్య భివండి మరమగ్గాలకు పోవాల్సిందే.

ఆ ఊరి పేరు వింటేనే రాజవ్వకు భయం. అక్కడి దుమ్ముకు దగ్గి దగ్గి, ఎముకలు తేలి వచ్చినవాళ్లను వాడలో ముగ్గురిని చూసింది.

కైలాసం వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. గుమ్మం పొట్టిదని ఎవరూ చెప్పకుండానే తల వంచి లోపలికి అడుగు పెట్టాడు.

ఆరు జంపఖానాలను ఒకదాని తర్వాత ఒకటి గోడకు వేలాడదీయించి ఫోటోలు తీశాడు. యాకయ్య వాటిని సంఘంలో అప్పజెప్పడానికి ఒక్కొక్కటే మడిచి బయటి బండిలో పెడుతున్నాడు.

కైలాసం నోటుబుక్కు తీసి రాజవ్వ దగ్గర కూర్చున్నాడు. మొదటి జంపఖానా నుంచి మిగిలిన దారం ఉండను చూపించాడు.

“ఇదేం రంగమ్మా?”

రాజవ్వ అతని ముఖం వంక చూసింది. కళ్లున్న మనిషి రంగు అడగడమేమిటి?

అది ఎనుమాముల మార్కెట్లో కుప్ప పోసిన మిరపకాయల ఎరుపు.

“ఆకుపచ్చ,” అంది, ఏమంటాడో చూద్దామని.

అతను మారుమాట లేకుండా రాసుకున్నాడు.

రెండోది ఆకుపచ్చ. ఎరుపు అని చెప్పింది. అదీ రాసుకున్నాడు.

మూడోది నీలం. “పసుపు,” అంది.

కైలాసం తలెత్తి నవ్వాడు. “మస్కిరి చేస్తాన్నవా అమ్మా? గది నీలం గదా.”

అయితే కళ్లు బాగానే ఉన్నాయి. అంటే కావాలనే అడుగుతున్నాడు. అద్దకం గుట్టు లాగడానికే ఈ వేషమంతా. దొంగయితే తప్పుల రాత పట్టుకుపోతాడు. మంచివాడైతే ఇంటికి పోయి బొమ్మలు చూసుకుని దిద్దుకుంటాడు. ఎటు చూసినా మనకు పోయేదేమీ లేదనుకుంది.

మిగతా మూడింటిలోనూ ఎరుపును ఆకుపచ్చ చేసింది, ఆకుపచ్చను ఎరుపు చేసింది.

పోయేటప్పుడు కైలాసం చాయ్ వద్దన్నాడు. ఖాళీ మగ్గం ముందు కాసేపు ఊరికే నిలబడ్డాడు. ఏం వెతుకుతున్నాడోనని రాజవ్వ తలుపు చాటు నుంచి కన్నార్పకుండా చూసింది.

పదిహేను రోజులకు సంఘం మేనేజరు రాజేశ్వర్ రావు ఢిల్లీ నుంచి తిరిగొచ్చాడు. కాజీపేటలో రైలు దిగి, ఇంటికి పోకుండా నేరుగా వీళ్ల దగ్గరికే వచ్చాడు.

తెర మీద ఎర్ర జంపఖానా పడితే టేపు ఆకుపచ్చ అన్నదట. ఆకుపచ్చది పడితే ఎరుపు అన్నదట. అక్కడ కూర్చున్నవాళ్లు మొదట నవ్వుకున్నారు. నాలుగో బొమ్మకు లైట్లు వేయించారు. రంగు పేరే తెలియనివాళ్లు సరుకేం పంపుతారని లేచి వెళ్లిపోయారు.

తప్పు తనదేనని, నేసినవాళ్లది కాదని కైలాసం ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెప్పాడు. ఎవరూ ఆగలేదు.

“మిమ్ముల కలుస్తనని, నాతోటే కాజీపేటల దిగాలె. దిగలే. బండి కదిలినంక గూడ కిటికీ కాడ తల వంచుకుని అట్లనే కూసున్నడు,” అన్నాడు రాజేశ్వర్ రావు.

యాకయ్య లేచాడు. దండెం మీది అంగీలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టాడు.

రాజవ్వ గోడకు ఆనుకుంది.

“నేనే తప్పు చెప్పిన సారు. కండ్లున్నయి గదా, దిద్దుకుంటడనుకున్న.”

రాజేశ్వర్ రావు ఆమె వైపు చూడలేదు. కైలాసానికి పుట్టుక నుంచీ ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనిపిస్తాయని, ఆ సంగతి తనకూ రైల్లోనే తెలిసిందని చెప్పాడు. టేపు కూడా ఒక్కడే కూర్చుని, ఆమె చెప్పింది చెప్పినట్టు చదివాడట.

“నా పేరు చెప్పిండా?”

“చెప్పలే.”

రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“రంగులు తెల్వని మనిషి ఈ పని ఎందుకు మీదేసుకున్నడు సారు? ఫోటోలు దియ్యనీకి లోకంల మన జంపఖానాలే దొరికినయా?”

అదెందుకో ఎవరికీ చెప్పనని రాజేశ్వర్ రావు రైల్లో కైలాసానికి మాటిచ్చి వచ్చాడు.

యాకయ్య చేతిలోని అంగీ చేతిలోనే ఉండిపోయింది. అన్నాల వేళకు వాడలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగింది. మేనేజరు పోవడానికి లేచి, మళ్లీ కూర్చున్నాడు. రాజవ్వ అతని ముఖం మీది నుంచి చూపు తియ్యలేదు.

“కైలాసం ఈ వాడ పిలగాడే రాజవ్వా,” అన్నాడు చివరికి. “ఎర్రపోగు కాడ పచ్చపోగు ఏస్తాండని, పదేండ్లప్పుడు వాళ్ల నాయిన మగ్గం మీదికెల్లి లేపి ఎల్లగొట్టిండు.”