ఒకే పగడం, రెండు తొట్లు

"ఊదా ముక్క తను ఉంచుకుని, మట్టి ముక్క నా మొహాన కొట్టింది మా అక్క!"

అక్వేరియం అద్దానికి ముక్కు ఆనించి ఆమె మళ్లీ అదే మాట అంది. పొద్దున్నుంచి చూడటం అది ఐదోసారి. లోపల మూడు కొమ్మల పగడం మట్టి రంగులో ముడుచుకుని ఉంది. అదే పగడం నుంచి కోసిన రెండో ముక్క అక్క ఇంట్లో ఊదాగా మెరుస్తోంది. దాని మీద గొడవపడి అక్కచెల్లెళ్లకు రెండు నెలలుగా మాటల్లేవు.

"ముక్కలో ఏం లేదు. వాళ్ల తొట్టికి నీలం లైటు జోరు, నీళ్ల పంపు పెద్దది. నువ్వేమో మేత గుమ్మరిస్తావు. రంగు మారదా మరి?" అన్నాడు భర్త.

"మీరెప్పుడూ ఆవిడ వకీలే! ముక్కలు మార్చుకుని రండి, తేలిపోతుంది."

అతను ముక్కను మూత బకెట్‌లో పెట్టుకుని వెళ్లాడు. గంటలో తిరిగొచ్చి, పగడాన్ని తనే తొట్టిలో దించి చుట్టూ నల్లగుడ్డ కప్పాడు.

"కొత్త నీళ్లకు అలవాటు పడాలి. మూడు వారాలు మసక వెలుతురే."

"ఒక్కసారి తొంగి చూస్తానండీ!"

"చూస్తే నీదే పూచీ. మేత కూడా నేనే వేస్తా."

ఆ మూడు వారాలు ఆమె గుడ్డ చుట్టూ, అతను ఆమె చుట్టూ తిరిగారు. ఇద్దరికీ కుదురు లేదు.

చివరికి గుడ్డ తీశారు. మట్టి రంగు.

ఆమె గుడ్డను మడిచి పక్కన పెట్టింది.

"అక్క ముక్కనీ ఇలా చేసేశాను. తప్పు నా తొట్టిదే. అనవసరంగా అక్కని ఎన్ని మాటలన్నాను!"

ఆమె ఫోను అందుకుంది. అతను గబుక్కున పక్కకొచ్చాడు.

"ముక్కల ఊసు ఎత్తకు. ముందు ఎలా ఉందో అడుగు!"

"అక్కా..." అంది, అంతే. తర్వాత అటూ ఇటూ ఏడుపే. ఏడుపు తగ్గాక నవ్వు. "రేపే రావే. లైటు ఎలా పెట్టాలో చూపిద్దువుగాని."

అతను వంటింట్లోకి వెళ్లి, కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాడు.

బకెట్‌తో వెళ్లిన రోజు వదిన అసలు తలుపే తీయలేదు.