సన్నబడ్డ పైపు

తెర మీద ఒక పైపును సగానికి సగం సన్నబరిచి, బెన్హర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

కృష్ణపట్నం వైపు రాబోయే ఒక విద్యుత్ కేంద్రానికి సముద్రపు నీటిని తోడే పైపులూ పంపులూ అవి. ఇంకా కట్టలేదు, బ్రౌజరులో నమూనాగా మాత్రమే ఉన్నాయి. లింకు ఉన్నవాళ్లు ఎక్కడి నుంచైనా తెరిచి, పైపులు మార్చి, నీళ్లు పారించి చూడవచ్చు. ఎవరెక్కడ కూర్చున్నారో నమూనాకు అక్కరలేదు.

ప్రత్యూష పేరున్న ఆకుపచ్చ బాణం వచ్చి ఆ పైపు మీద ఆగింది. పక్కనే కామెంటు పడింది.

“ఏంది బెన్హర్ గారూ, పైపు ఇట్లా చిక్కిపోయింది? జ్వరంగానీ వచ్చిందా?”

“పొరపాటైంది మేడమ్.”

“రోజూ మీకే ఎట్లా అవుతాయండీ, ఈ పొరపాట్లు?”

బాణం పైపును మళ్లీ పాత వెడల్పుకు లాగింది.

పొరపాటు కాదు. నమూనాలో తప్పు లేకపోతే ప్రత్యూషకు రాయడానికేమీ ఉండదు. అందుకే కొన్నాళ్లుగా అతడు రోజుకొకటైనా తప్పు శ్రద్ధగా చేస్తున్నాడు; ఆమె అంతే శ్రద్ధగా దిద్దుతోంది. రోజు మొత్తంలో అతణ్ణి పలకరించే మాటలు అవే.

నేటితో అవీ ఆగిపోతాయి. ఇద్దరూ ఆమోదిస్తే నమూనాకు తాళం పడుతుంది. రేపటి నుంచి ఆమె వేరే టీములో.

కరెంటు పోయి వచ్చింది. చెన్నైలో ఉండే కొత్త టీమ్ లీడ్ ముఖేష్ రాశాడు:

“ఏమన్నా, ఇద్దరూ కూడబలుక్కొని మాయమైనారా?”

“మా పక్క నెట్టు సంగతి తెలిసిందే గదా ముఖేష్.”

“ఈ పూటన్నా ముగించండన్నా. క్లయింటు నా ప్రాణం తోడేస్తున్నాడు.”

పనికి సంబంధంలేని మాట బెన్హర్ ఎన్నడూ రాయలేదు. ఇప్పుడు రాశాడు.

“భోంచేశారా మేడమ్?”

“ఆఁ. పులుసులో ఉప్పు ఎక్కువైంది.”

“చేసినవాళ్లకు అట్లే అనిపిస్తాది. ఉప్పు సరిగ్గానే ఉండుంటాది.”

ఆకుపచ్చ బాణం కదల్లేదు. ఏదో రాస్తున్నట్టు మూడు చుక్కలు మెదిలాయి. ఆరిపోయాయి. మళ్లీ మెదిలాయి.

“ఇంకేమన్నా తప్పులు మిగిలినాయా?”

ఒకటి మిగిలింది. పొద్దున అతడు మూసిపెట్టిన వాల్వు ఆమె కంట పడలేదు. ఊరకుంటే నమూనా క్లయింటు దగ్గర్నుంచి మళ్లీ ఇద్దరి దగ్గరికీ తిరిగొస్తుంది. ఇంకో నాలుగు మాటలు దక్కుతాయి. కానీ సరిచూడాల్సింది ఆమె. పోయేది ఆమె పేరే.

బెన్హర్ వాల్వు తెరిచాడు.

“లేవు.”

ఆమోదం గడిలో ముందు అతని పేరు, తర్వాత ఆమె పేరు పడ్డాయి. నమూనా బూడిదరంగుకు తిరిగింది. కామెంట్లు రాసే చోటు మూసుకుపోయింది. బెన్హర్ లేవలేదు. తెరకేసి చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి పక్కగది తలుపు తెరుచుకుంది; ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని బయటికొచ్చిన ప్రత్యూష, ఏళ్ల తరబడి అలవాటైనట్టే, భర్తతో ఒక్క మాటైనా లేకుండా అతని కుర్చీ పక్కగా వంటింట్లోకి వెళ్లిపోయింది.