మొదటి ముడి

కరువు తీరిన ఏడాది తొలకరిలో, బావి మీదికి వంగిన తుమ్మకొమ్మ మీద ఒక ముసలి గిజిగాడు కుర్రపిట్టలకు గూడు అల్లడం నేర్పేవాడు. పనిలో అతన్ని మించినవాడు లేడు.

"మామా, కొమ్మకు వేసే మొదటి ముడి ఇంకోసారి చూపించవా?" అని ఒక కుర్ర గిజిగాడు అడిగాడు.

"నిన్ననేగా చూపించాను! నీ బుర్రలో ఉన్నది పీచా ఏమిట్రా?"

పిట్టలన్నీ పకపకా నవ్వాయి. ముసలివాడూ నవ్వాడు. కుర్రవాడు మళ్ళీ అడగలేదు. తోచినట్టు ముడి వేసి, దాని కింద అందరికంటే అందమైన గూడు అల్లాడు. ఒక ఆడపిట్ట మెచ్చి కాపురానికి వచ్చింది.

శ్రావణంలో గాలివాన కొట్టింది. ముడి జారి గూడు బావిలో పడింది.

"ముడి రాకపోతే ఒక్కమాట అడగొచ్చు కదరా!" అన్నాడు ముసలివాడు.

"అడిగాను మామా."

ఆ తర్వాత ముసలివాడు ఎవరూ అడగకముందే ఆ ముడి మళ్ళీ మళ్ళీ చూపించేవాడు.

బావిలో పడిన గూటిలో మూడు గుడ్లున్నాయి.