పెరుగు డబ్బాలో చెట్టు

"మళ్ల ఎడమకే వంగింది!"

సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి. వెంకటస్వామి మాత్రం స్వెటర్ కూడా విప్పకుండా ఇంటి వెనక చెక్క డెక్ మీదికి వెళ్లి, తన చెట్టు ముందు చతికిలబడ్డాడు.

కూతురు శ్రీవిద్య టీ కప్పుతో వెనకే వచ్చింది. "గంటలకు గంటలు విమానంల కూసొని వచ్చినవ్. ముందు నా మొకం సూడరాదే నాన్నా?"

"నువ్వు నిటారుగనే ఉన్నవ్ బిడ్డా. వంగింది ఇదే."

చెట్టంటే పెద్ద చెట్టేం కాదు. జానెడున్నర ఉంటుంది. మొదటిసారి అమెరికాలో కూతురుండే ఈ కమ్మింగ్ ఊరికి వచ్చినప్పుడు, వీధి మొదట్లో క్రేప్ మర్టిల్ చెట్లు కత్తిరించి కొమ్మలు లారీలో పడేస్తున్నారు. వేసవంతా గులాబీ రంగు పూలు పూసే చెట్లవి. పారేస్తున్న కొమ్మ ఒకటి అడిగి తెచ్చుకున్నాడు వెంకటస్వామి. ఖాళీ అయిన పెరుగు డబ్బాకు అడుగున చిల్లులు పొడిచి, మట్టి పోసి గుచ్చాడు. అల్లుడు తేజేశ్వర్ నవ్వాడు. కొమ్మ చిగురేసింది.

ఊళ్లో బోన్సాయ్ పెంచేవాళ్ల క్లబ్ ఒకటుంది. ఏటా వేసవి చివర ప్రదర్శన పెడతారు. కొనకుండా కొమ్మ నాటి పెంచిన చెట్లకు అందులో వేరే బల్ల. బాగున్నదానికి నీలం రిబ్బన్ కడతారు. ఆ రిబ్బన్ మీద మనసు పడ్డాడు వెంకటస్వామి. కాండం ధ్వజస్తంభంలా నిటారుగా ఉండాలని ఆయన పంతం.

అల్లుడు పారేసిన నెట్‌వర్క్ కేబుళ్లు చీల్చి, లోపలి రాగి తీగను కాండానికి చుట్టేవాడు. వీసా గడువు ఆరు నెలలూ చుట్టడం, విప్పడం, చూసుకోవడం. తర్వాత ఇండియా వెళ్లిపోవడం. మళ్లీ వచ్చేసరికి చెట్టు ఎడమకు వంగి ఉండేది. ముదిరిన కాండం ఇక మాట వినదు. అందుకని పైనున్న లేత భాగాన్ని కుడివైపు లాగి కట్టేవాడు. మరుసటేడు ఆ పైది మళ్లీ ఎడమకు.

"గీ అమెరికాల సూర్యుడు ఎడమ దిక్కుకెల్లే వస్తడా ఏంది?"

శ్రీవిద్య టీ కప్పులోకి చూసింది. "ఏమో నాన్నా. నేనైతే నీళ్లే పోస్తున్న."

"కేబుల్ కట్ట గూడ తగ్గినట్టుంది."

"ఆయన ఆఫీస్ పనికి వాడుకున్నడేమో."

అప్పుడే తణుకు నుంచి ఫోన్ వచ్చింది. తేజేశ్వర్ తండ్రి రాధాకృష్ణ. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. వియ్యంకుణ్ణి ఏడిపించకపోతే ఆయనకు పొద్దు గడవదు.

"ఏమండీ బావగారూ, దిగారా? ఆ చెట్టుకి మళ్లీ ఉరితాళ్లు బిగించేశారా?"

"సూస్తుండు బావా. ఈపారి రిబ్బన్ దెస్త."

"తెస్తే ఆ రిబ్బన్ నా మెళ్లో కట్టుకుని తణుకు సెంటర్లో తిరుగుతానండీ. మరి రాకపోతేనో?"

"నువ్వే చెప్పు."

"రాకపోతే దాన్ని డబ్బాలోంచి తీసి నేల్లో నాటెయ్యాలి. ఇంక తీగా లేదు, కత్తెరా లేదు. బతికిపోద్ది పాపం!"

రోషమొచ్చి సరేనన్నాడు వెంకటస్వామి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేలలో పెడితే అది అందరి చెట్లలాంటి చెట్టే. తన డబ్బా చెట్టు ఇక ఉండదు.

వేసవంతా దాని దగ్గరే కాపురం. పుల్లమజ్జిగ పోశాడు. కొసలు గిల్లాడు. లేత భాగాన్ని కుడికి లాగి కట్టాడు. కింది వంకరలు మాత్రం అలాగే ఉన్నాయి.

ప్రదర్శన రోజు కూతురితో కలిసి హాల్లో అడుగు పెట్టాడు. బల్లల మీద చెట్లన్నీ అద్దంలా తుడిచిన కుండీల్లో ఉన్నాయి. పెరుగు డబ్బాను బల్ల చివరన పెట్టి, వంకరలు కనపడకుండా గోడవైపు తిప్పేశాడు.

న్యాయనిర్ణేత లిండా అనే పెద్దావిడ. వచ్చి, డబ్బాను మెల్లగా ఇటు తిప్పింది. కళ్లద్దాలు సర్దుకుంది. చాలాసేపు అక్కడే నిలబడి ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"వంపులన్నీ గోడకెందుకు దాచినవని అడుగుతుంది నాన్నా."

"సగం వంకరలు నేను జేసినయి కావు, దానంతటదే వంగిందని చెప్పు."

శ్రీవిద్య లిండా వైపు తిరిగింది. "హి సేస్ థ్యాంక్యూ."

"గంత పొడుగు చెప్తే గింతేనా?"

"ఇంగ్లీషుల గంతే నాన్నా."

లిండా వేలితో గాలిలో గీసి చూపిస్తూ మాట్లాడింది. ఒక వంపు ఇటు, ఒక వంపు అటు. కింద పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. నిటారు చెట్టు ఎవరైనా పెంచుతారట. ఇలా వంపులు తిరుగుతూ పైకి నడిచే చెట్టును ఈ బల్ల మీద ఇంతవరకు చూడలేదట. చెప్పి, పెరుగు డబ్బా చుట్టూ నీలం రిబ్బన్ కట్టింది.

ఇల్లు చేరేదాకా డబ్బాను ఒళ్లోంచి దించలేదు వెంకటస్వామి. వస్తూనే కూతురి చేత తణుకుకి వీడియో కాల్ చేయించాడు.

"సూసినవా బావా! ఇగ మెడల కట్టుకొని తిరుగు!"

రాధాకృష్ణ రిబ్బన్ వైపు చూడలేదు. "చెట్టుని దగ్గరగా పెట్టండి బావగారూ. ఆ, ఇంకొంచెం కిందకి."

శ్రీవిద్య చప్పుడు చెయ్యకుండా లేచి వంటింట్లోకి తప్పుకుంది.

చెట్టును కిందనుంచి పైదాకా చూసి, రాధాకృష్ణ మీసం దువ్వుకున్నాడు.

"సగం రిబ్బన్ కత్తిరించి అక్కడే ఉంచండి బావగారూ, మీరు విమానమెక్కగానే ఎప్పట్లాగే మా ఆర్నెల్లకి మేం దిగుతాం కదా, ప్రతి చలికాలం మీరు కుడికి వంకర చేసి పోయిన చెట్టుని ఎడమకి లాగి సరిచేస్తున్నది నేనేనండీ!"