చెవుల మామ తల వాల్చాడు

పొద్దుటి నుంచీ ముసురు. బొమ్మలాడించే ఆయన కూతురు సాయంత్రం దాకా తలుపు చెక్కలకు చిత్రిక పట్టి, చేతులైనా సరిగా కడుక్కోకుండా స్టూడియోకి వచ్చి బల్ల కింద దూరింది.

చేత్తో ఆడించే ‘చెవుల మామ’ బొమ్మ సినిమాలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కొత్తది తీస్తున్నారు. పాత అభిమానులు బొమ్మను చూసి సరేనంటే పని ఆమెది. కాదంటే మామను కంప్యూటర్లో చేసేస్తారు. అప్పట్లో ఆడించిన తండ్రికి ఇప్పుడు చెయ్యి లేవదు. ఆ సంగతి అభిమానులకు చెప్పలేదు. ఆయన మొహం కూడా వాళ్ళెప్పుడూ చూడలేదు.

ఆమె బొమ్మను పైకెత్తింది. మామ తుమ్మాడు, చెవులు దులిపాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు.

"వీడెవడో మామ వేషం వేసుకొచ్చాడ్రా," అన్నాడు ముందు వరసలో కళ్ళజోడు మనిషి.

ఆమె బల్ల కింద చెయ్యి సర్దుకుంది. మళ్ళీ తుమ్మించింది. పగటి పనికి అలిసిన మణికట్టు ఈసారి నిలవలేదు. మామ తల మెల్లగా ఓ పక్కకు వాలిపోయింది. ఇక పని పోయినట్టే అనుకుంది.

"అదీ! అదీ మా మామంటే!" కళ్ళజోడు మనిషి లేచి, పక్కనున్న ముసలాయన భుజం పట్టుకుని ఊపేశాడు. "చూశారా పెద్దాయనా? అట్లా తల వాల్చడం మామను ఆడించే ఆయనొక్కడికే వచ్చు. ఎన్నేళ్ళు సాధన చేశారో!"

"సాధనేముంది బాబూ. పగలంతా రంపం లాగి వచ్చేవాణ్ణి," అన్నాడు ముసలాయన.

చప్పట్లలో ఆ మాట ఎవరికీ వినపడలేదు. కూతురు బల్ల కింది నుంచి బయటికి వచ్చేసరికి ఆయన వెళ్ళిపోయాడు.