చప్పుడు కాకుండా

బరువు తగ్గే టీవీ పోటీ అందరి ఇళ్లలోకీ వచ్చేసిన రోజులవి. ఏ ఇంట్లో ఎవరేం తిన్నారో, ఎంత తూగారో ప్రతి టీవీకీ ఉన్న కెమెరా చూపిస్తుంటే, కాలనీ వాళ్లంతా తెర మీద చూసేవారు. పరిమళ కూతురు, పదేళ్ల లాస్య, మొదట్లో ఆ పోటీ కోసం హుషారుగా గెంతేది; ఇప్పుడు మంచినీళ్లకు కూడా భయపడుతోంది.

ఆ పొద్దున లాస్య కళ్లు తిరిగి పడిపోయింది. పరిమళ గబగబా పెరుగన్నం కలిపింది.

"వద్దమ్మా, అందరూ చూస్తారు. నవ్వుతారు."

పరిమళ టీవీ వైరు పీకేసింది.

వెంటనే ఎవరో తలుపు బాదారు. "మీ ఇల్లు తెర మీద కనపడట్లేదేంటండీ? ఏం తింటున్నారు?" అంది పక్కింటి అనసూయ. ఆమె వెనక ఇంకా చాలా గొంతులు.

పరిమళ తలుపు గడియ వేసింది. కూతుర్ని దగ్గరకు లాక్కుని, తలుపుకు వీపు ఆనించి కూర్చుని, నోటికి ముద్ద అందించింది.

"నమలమ్మా," అంది మెల్లగా, "చప్పుడు కాకుండా."